నాపరాయి హోం ప్లేట్

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, బడికి వేసవి సెలవులిచ్చిన వారంలోనే నన్ను పులివెందులకు పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను ప్రొద్దుటూరులో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ ఎడ్యుకేషన్. జనం మాటలో పీఈటీ మేడం. శాఖలో ఈ రెండూ ఒకటి కావు. పీఈటీగా చేరి, పదోన్నతి వచ్చాక స్కూల్ అసిస్టెంట్ అవుతాం. ఆ పదోన్నతి కోసం నేను చాలా ఏళ్ళు కాచుకున్నాను కాబట్టి ఆ తేడాను ఇక్కడ పనిగట్టుకుని రాస్తున్నాను. పిల్లలకు మాత్రం రెండూ ఒకటే. మెడలో ఈల ఉంటే చాలు.

జాతీయ జూనియర్ బాలికల బేస్‌బాల్ జట్టు శిక్షణ శిబిరం ఆ ఏడాది పులివెందులలో పెట్టారు. దానికి నన్ను మేనేజర్‌గా వేశారు. శిబిరం అయ్యాక జట్టుతో పాటు విదేశంలో జరిగే పోటీకి కూడా వెళ్ళాలి. అంతవరకు నేను 'ఓడీ' మీద ఉంటాను. ఓడీ అంటే ఆన్ డ్యూటీ, బడిలో లేకపోయినా బడిలో ఉన్నట్టే. మేనేజర్ అంటే ఆట నేర్పే మనిషి కాదు. ఆట కోచ్ చూసుకుంటాడు. తిండి, మంచినీళ్ళు, పాస్‌పోర్టులు, జ్వరాలు, అలకలు మేనేజర్ చూసుకోవాలి. ఆడపిల్లల జట్టుతో ఒక మహిళా అధికారి తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన వల్లే నాకు ఆ పిలుపు వచ్చింది. మా ఆయన మాత్రం నా ప్రతిభ చూసి ఢిల్లీ వాళ్ళు పిలిచారని మేముండే ముద్దనూరులో కనిపించిన వాళ్ళకల్లా చెప్పాడు. నేను సరిదిద్దలేదు.

కడప జిల్లాలో బేస్‌బాల్ ఏమిటని చదివేవాళ్ళకు అనుమానం రావచ్చు. ఇందులో మా వృత్తి కిటుకు ఒకటుంది. పాఠశాలల క్రీడల్లో కబడ్డీకి, వాలీబాల్‌కి మండలానికొక గట్టి జట్టు ఉంటుంది. ఎంత బాగా ఆడినా జిల్లా దాటడం గగనం. బేస్‌బాల్‌కు వచ్చే జట్లు తక్కువ. ఒక బ్యాటు, నాలుగు తోలు చేతితొడుగులు సంపాదించి పిల్లలకు నేర్పితే ఏడాది తిరక్కుండా రాష్ట్ర పోటీలకు తీసుకుపోవచ్చు. సింహాద్రిపురంలో, లింగాలలో, జమ్మలమడుగులో నా తోటి పీఈటీలు చాలామంది ఈ దారి పట్టారు. ముందు సర్టిఫికెట్ కోసమే మొదలుపెట్టారు. తర్వాత పిల్లలకు నిజంగానే ఆట పట్టుకుంది. అందుకే ఆ ఏడాది జాతీయ జట్టులో మా జిల్లా పిల్లలు ముగ్గురు ఉన్నారు.

ఇక ఆ జట్టు విదేశాల్లో ఎలా ఆడేదో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. జూనియర్ బాలికల ఆట ఏడు ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒక్కొక్కసారి బ్యాటు పడతాయి, ముగ్గురు అవుటైతే వంతు మారుతుంది. బంతి విసిరే అమ్మాయి పిచ్చర్. బ్యాటర్ దాన్ని కొట్టి, తొంభై అడుగులకొకటి చొప్పున ఉన్న మూడు బేస్‌లూ చుట్టి, మొదలుపెట్టిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. ఇందులో ఒక దయగల నిబంధన ఉంది. ఐదో ఇన్నింగ్స్ నుంచి ఎప్పుడైనా తేడా పది పరుగులకు చేరితే అంపైర్ ఆట ఆపేసి అందరినీ ఇంటికి పంపేస్తాడు. మా పిల్లలు అంతకుముందు వెళ్ళినప్పుడల్లా ఆ దయకు పాత్రులయ్యే తిరిగొచ్చారు. ఏడో ఇన్నింగ్స్ ఎలా ఉంటుందో విదేశీ గడ్డ మీద చూసిన పిల్ల ఆ జట్టులో ఒక్కతీ లేదు.

నేను పులివెందులలో దిగిన రోజే బేస్‌బాల్ సమాఖ్య కార్యదర్శి ఫోన్ చేశాడు. మర్యాదగల మనిషి. మర్యాదగానే, ఈసారి కూడా ఆటలన్నీ మధ్యలోనే ఆగిపోతే వచ్చే ఏడాది నుంచి ఈ జట్టును ఎక్కడికీ పంపడం కుదరదని, పైవాళ్ళు తేల్చి చెప్పేశారని అన్నాడు. గెలవాలని ఆయన అడగలేదు. ఒక్క ఆటలోనైనా చివరిదాకా నిలబడాలని అడిగాడు. పిల్లలకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని కోచ్, నేను ఆలోచించి చివరికి చెప్పేశాం. దాచినా వాళ్ళు కనుక్కుంటారు. హాస్టల్లో ఆడపిల్లల దగ్గర దాగే మాట ఏదీ లేదని ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు బాగా తెలిసొచ్చింది.

కోచ్ హర్యానా మనిషి, పేరు మలిక్. పొడుగ్గా, మీసాలతో, ఎప్పుడూ ఎండను చూసి ఆశ్చర్యపోతూ ఉండేవారు. తమ ఊళ్ళోనూ ఎండలు ఉన్నాయని మొదటి రోజు గొప్పగా చెప్పారు. మూడో రోజుకు ఆ మాట మానేసి చీనీకాయల రసం, అంటే బత్తాయి రసం, అడగడం మొదలుపెట్టారు.

అసలు కథ మైదానం దగ్గర మొదలైంది. ఆట సామాన్లు వచ్చాయి గానీ అందులో హోం ప్లేట్ లేదు. హోం ప్లేట్ అంటే బ్యాటర్ పక్కన నేలలో పాతే తెల్ల రబ్బరు పలక. ముందువైపు పదిహేడంగుళాల వెడల్పు ఉండి, వెనక్కి ముక్కులా తేలుతుంది, మొత్తం ఐదు మూలలు. బంతి దాని మీదుగా పోయిందా లేదా అనేదే అంపైర్ చూసేది. చుట్టి వచ్చిన అమ్మాయి చివర తాకాల్సిందీ దాన్నే. అది లేకుండా ఆట లేదు. తెప్పిస్తామన్నారు గానీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

అదే మైదానంలో గ్యాలరీ మెట్లు కడుతున్న హుసేన్ మేస్త్రిని పిలిచాను. మా జమ్మలమడుగు మనిషే. మిషన్ బడిలో మా తాత దగ్గర చదువుకున్నాడు కాబట్టి నా మాటంటే గౌరవం. మట్టిలో పుల్లతో ఐదు మూలల బొమ్మ గీసి, ఆటలో దీన్ని 'ఇల్లు' అంటారని, కొలతలు ఇవీ అని చెప్పాను. తెల్లగా ఉండాలి, నేలకు సమానంగా ఉండాలి, ఎవరు తొక్కినా కదలకూడదు, రేపు పొద్దునకు కావాలి అన్నాను. దేనితో చేయాలో చెప్పలేదు. చెక్కతోనో, పాత రబ్బరు బెల్టుతోనో చేస్తాడని నా మనసులో ఉంది.

మా వైపు వాళ్ళకు ఆ ప్రశ్నే పుట్టదు. మా ఇళ్ళలో గచ్చు నాపరాయి, అలమరలో అరలు నాపరాయి, వంటగట్టు నాపరాయి, గడప నాపరాయి, తోటకు కంచె నాపరాయి, ఆఖరికి సమాధి మీద పరిచేదీ నాపరాయే. నేలకు సమానంగా, కదలకుండా ఉండాలి అంటే ఇంక వేరే అర్థం ఏముంటుంది?

మరుసటి పొద్దున పోయి చూస్తే ఐదు మూలలూ కొలత తప్పకుండా చెక్కిన నాపరాయి, అంచులు నునుపు చేసి, పైన తెల్ల రంగు కొట్టి, కింద సిమెంటు పోసి పాతి ఉంది. అంతటితో ఆగలేదు. దాని ముందు మూరెడు వెడల్పున ఇంకో బండ పరిచి ఉంది. నేను ఆ రెండో బండనే చూస్తూ నిలబడ్డాను.

"ఏంది మేడమ్మా, అట్ల సూస్తాండారు? బాగ ల్యాదా?" అన్నాడు మేస్త్రి.

"ఈ ముందు బండ ఏందప్పా?" అన్నాను.

"గడప పెట్టి ముందర బండ ఎయ్యకుంటే ఎట్ల? కాలు పెట్టేదానికి. మీరు అడగల్యా, నేనే ఏసినా." ఆ ముఖంలో ఉన్న తృప్తి చూసి నేను నాలుక కరుచుకున్నాను.

మలిక్ గారు వచ్చి చూసి కాసేపు హిందీలో మాట్లాడారు. అందులో నాకు సగమే అర్థమైంది, ఆ సగం ఇక్కడ రాయదగింది కాదు. చివరికి పీకించెయ్యమన్నారు. ఇద్దరు కూలీలు గడ్డపారలతో వచ్చారు. కాసేపటికి ఒక గడ్డపార వంగింది. రాయి మాత్రం కదల్లేదు. కదలకూడదని చెప్పింది నేనే కాబట్టి మేస్త్రిని అనడానికి ఏమీ లేకపోయింది. మైదానాన్నే పక్కకు జరుపుదామంటే పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ అప్పటికే పోసి, తడిపి, దిమ్మిస కొట్టి ఉంది. సరే, రబ్బరు పలక వచ్చేదాకా దీనితోనే నెట్టుకొద్దామని కోచ్ ఒప్పుకున్నారు. జారుతూ వచ్చి ప్లేట్ తాకే అభ్యాసం మాత్రం పక్కన గోనెసంచి పరిచి చేయించాం, లేకపోతే మోకాళ్ళు మిగిలేవి కావు. రబ్బరు పలక వచ్చేసరికి శిబిరం ముగింపుకు వచ్చింది.

ఆ రాయి వల్ల మొదట నష్టపోయినవి బంతులు. తగిలినప్పుడల్లా తోలు లేచి వచ్చేది. రెండో నష్టం కోచ్ గారి ఓపిక. లాభపడింది మాత్రం రాజేశ్వరి.

రాజేశ్వరిది లింగాల. తండ్రికి కొద్దిపాటి చీనీ తోట. పదిహేడేళ్ళ పిల్ల, సన్నగా, చిన్నగా ఉండేది. జట్టు మొత్తంలో ఆమెంత వేగంగా పరుగెత్తేవాళ్ళు లేరు, ఆమెంత మెల్లగా బంతి కొట్టేవాళ్ళూ లేరు. పంజాబ్ నుంచి వచ్చిన కెప్టెన్ మన్‌ప్రీత్ కొడితే బంతి గ్యాలరీలో హుసేన్ మేస్త్రి తలపాగా దాకా పోయేది. రాజేశ్వరి కొడితే పిచ్చర్ ముందే పడి ఆగిపోయేది. పిచ్చర్ దాన్ని తీసి, ఆమె చేరేలోపు ఫస్ట్ బేస్‌కు విసిరితే అవుట్. బేస్ దాకా చేరకుండా పరుగు వేగం ఎందుకు పనికొస్తుంది? చివరి ఎంపికలో ఆమె పేరు తీసేద్దామని కోచ్ నాతో ముందే అన్నారు. శిబిరంలో ఉన్నవాళ్ళలో కొందరు ఇంటికి పోవాల్సిందే, అది నియమం. ఆ పిల్ల మీద నాకు అభిమానం ఉంది, కానీ మేనేజర్‌కు ఎంపికలో ఓటు లేదు.

ఒక సాయంత్రం రాజేశ్వరి బ్యాటింగ్ చేస్తుండగా బంతి బ్యాటు కింది అంచుకు తగిలి మేస్త్రి వేసిన ముందు బండ మీద పడింది. పడిన బంతి నిలువుగా పైకి లేచింది. పిచ్చర్, ప్లేట్ వెనక కూర్చునే క్యాచర్ ఇద్దరూ దాని కింద మెడలెత్తి నిలబడ్డారు. బంతి దిగొచ్చి ఎవరి చేతిలోనో పడేసరికి రాజేశ్వరి ఫస్ట్ బేస్ మీద నిలబడి చెమట తుడుచుకుంటోంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మళ్ళీ వచ్చి నిలబడి, ఈసారి కావాలనే బంతిని కిందికి, బండ మీదికి కొట్టింది. మళ్ళీ లేచింది. మళ్ళీ బేస్ చేరింది.

కోచ్ కోప్పడ్డారు. ఇది ఆట కాదు, రాయి మహిమ అన్నారు. పోటీ మైదానంలో రాయి ఉండదు, రబ్బరు ఉంటుంది, చుట్టూ మట్టి ఉంటుంది, ఈ అలవాటు చేసుకుంటే అక్కడ నవ్వులపాలవుతామన్నారు. ఆయన చెప్పింది న్యాయమే. కానీ బంతిని అనుకున్న చోట పడేలా కిందికి కొట్టడం మాత్రం రాయి చేసే పని కాదు, చెయ్యి చేసే పని. ఆ మాట నేను ఆయనతో అన్నాను. మేనేజర్ ఆట విషయంలో మాట్లాడటం మర్యాద కాదని తెలిసీ అన్నాను. ఆయన మరుసటి రోజు బండకు ముందు, పక్కన, వెనక సున్నంతో గీతలు గీసి, రాజేశ్వరిని చెప్పిన గీత మీద కొట్టమన్నారు. పదిసార్లకు ఎన్నిసార్లు కొట్టిందో నేను లెక్కపెట్టలేదు గానీ, ఆయన మీసం కింద చిరునవ్వు కనిపించింది. "శానా బాగుంది," అన్నారు. మా పిల్లలు ఆయనకు నేర్పిన మొదటి తెలుగు మాట అదే.

అప్పటి నుంచి అందరూ అదే పని. శిబిరం ముగిసేసరికి పంజాబీ పిల్లలూ మలయాళీ పిల్లలూ ఒకరినొకరు "బండకు కొట్టు" అని అరుచుకునే స్థితికి వచ్చారు. ఎంపిక జాబితా చదివినప్పుడు రాజేశ్వరి పేరు చివరన వచ్చింది, బదులు బ్యాటర్‌గా. అంటే మొదటి నుంచి ఆడదు. అవసరమైనప్పుడు ఒకరి స్థానంలో దిగుతుంది. ఆమె దిగితే ఆ వెళ్ళిన అమ్మాయి మళ్ళీ ఆ ఆటలోకి రాకూడదు, అందుకే ఎప్పుడు దించాలన్నది కోచ్ గుండెకు సంబంధించిన వ్యవహారం. ఆమె తండ్రి బస్టాండుకు చీనీకాయల సంచి మోసుకొచ్చి నాతో ఒకే మాట అన్నాడు. "మేడం, ఈ పారికి పోయిరానీండి. మళ్ళా పిలుస్తారో లేదో."

పోటీ జరిగిన దేశం పేరు రాయను. వాళ్ళు మమ్మల్ని బాగా చూసుకున్నారు, ఓడించింది కూడా వాళ్ళే. మేనేజర్‌గా నాకు అలవాటైన పద్ధతి ఒకటుంది. కొత్త మైదానానికి పోతే ముందు మంచినీళ్ళు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, నీడ ఎక్కడ అని చూసుకుంటాను. నేను ఆ పనిలో ఉండగా రాజేశ్వరి ఒక్కతే ప్లేట్ దగ్గరికి పోయి, ముందున్న మట్టి మీద బంతిని భుజం ఎత్తు నుంచి వదిలి చూస్తోంది. జపనీయుల తోటలా నున్నగా చదును చేసిన ఎర్రటి మట్టి అది. రోజూ నీళ్ళు చల్లి రోలరు తిప్పుతారట.

"ఏంది చేస్తాండావు?" అన్నాను.

"మేడం, మేస్త్రి బండ మాదిరి కాదు గానీ, ఇది కూడా గట్టిదే. సూడండి, ఎగురుతాంది."

నేను చూశాను. ఎగిరింది. వెంటనే పోయి కోచ్‌ను పిలుచుకొచ్చాను. ఆయన కూడా వదిలి చూశారు, ఒకసారి కాదు.

మొదటి రెండు ఆటలు నేను వర్ణించను. రెండూ ఐదో ఇన్నింగ్స్‌లో ఆగిపోయాయి. మూడోది, చివరిది, ఆతిథ్య జట్టుతో. నాలుగు ఇన్నింగ్స్ అయ్యేసరికి వాళ్ళకు పది, మాకు సున్న. ఐదో ఇన్నింగ్స్‌లో ముందు బ్యాటు పట్టేది మేమే. అందులో ఒక్క పరుగైనా రాకపోతే అక్కడితో ఆట ముగుస్తుంది, దాంతోపాటు ఆ జట్టు విదేశీ ప్రయాణాలూ ముగుస్తాయి. ఈ లెక్క బెంచీ మీద కూర్చున్న ప్రతి పిల్లకూ తెలుసు.

మొదటి అమ్మాయి అవుట్. రెండో అమ్మాయికి పిచ్చర్ వరుసగా నాలుగు చెడ్డ బంతులు వేసింది. అలా వేస్తే బ్యాటర్‌కు ఫస్ట్ బేస్ ఉచితంగా ఇస్తారు. ఆ పిల్ల అక్కడి నుంచి ఒడుపుగా సెకండ్ బేస్ దొంగిలించింది, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరుగెత్తి చేరింది. ఆటలో దొంగతనం అనే మాటకు శిక్ష లేదు, చప్పట్లు ఉంటాయి. మూడో అమ్మాయి అవుటవుతూ ఆమెను థర్డ్ బేస్ దాకా పంపింది. ఇప్పుడు ఇద్దరు అవుట్, ఒకరు మూడో బేస్ మీద. కోచ్ లేచి అంపైర్ దగ్గరికి పోయి బ్యాటర్‌ను మారుస్తున్నట్టు చెప్పారు. వెనక్కి తిరిగి రాజేశ్వరిని చూసి, తనకొచ్చిన తెలుగులో, "బండకు కొట్టు," అన్నారు.

వాళ్ళ ఫీల్డర్లు ఈ సన్నటి పిల్లను చూసి ఊరికే నిలబడ్డారు. మొదటి బంతి వదిలేసింది. రెండో బంతికి గొడ్డలి దించినట్టు బ్యాటు పైనుంచి కిందికి వచ్చింది. బంతి ప్లేట్ ముందు ఎర్రమట్టి మీద పడి పైకి లేచింది. మేస్త్రి బండ మీద లేచినంత కాదు గానీ, చాలినంత లేచింది. పిచ్చర్ దాని కింద చేతులు చాచి కాచుకుంది. నా పక్కన మలిక్ గారు ఏదో దేవుణ్ణి పిలిచారు. బంతి పిచ్చర్ చేతిలో పడి, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు పోయేలోపు రాజేశ్వరి పాదం బేస్ మీద ఉంది. అంపైర్ రెండు చేతులూ అడ్డంగా చాచాడు. సేఫ్. మూడో బేస్ నుంచి వచ్చిన పిల్ల అప్పటికే ప్లేట్ తొక్కేసింది. పది, ఒకటి.

నేను మా బెంచీలో అందరినీ కూర్చోమని ఈల ఊదాను. నేనే నిలబడి ఊదానని తర్వాత తెలిసింది.

అక్కడితో అయిపోలేదు. వాళ్ళు ఒక్క పరుగు చేస్తే మళ్ళీ పది తేడా, ఆట సమాప్తం. ఐదో ఇన్నింగ్స్‌లో వాళ్ళ వంతులో గాల్లోకి లేచిన చివరి బంతిని లెఫ్ట్ ఫీల్డ్‌లో ఒడిశా అమ్మాయి వెనక్కి పరుగెత్తి పట్టింది. ఆరో ఇన్నింగ్స్‌లో మా వంతుకు వాళ్ళు తెలివిగా ఫీల్డర్లందరినీ ముందుకు తెచ్చారు, నేలకు కొట్టే బంతి కోసం. ఇద్దరు పిల్లలు ఎలాగో బేస్‌లు ఎక్కారు. మన్‌ప్రీత్ కూడా బండకు కొట్టేలా బ్యాటు ఎత్తి, ఆఖరి క్షణంలో తన పాత పద్ధతిలో లాగి కొట్టింది. బంతి వాళ్ళందరి తలల మీదుగా పోయింది. రెండు పరుగులు. పది, మూడు.

ఆ తర్వాత వాళ్ళు రెండు చేశారు. పన్నెండు, మూడు. వాళ్ళ అమ్మాయి ఒకతె థర్డ్ బేస్ మీద ఉంది, ఇద్దరు అవుట్. ఆమె హోం ప్లేట్ తొక్కితే మళ్ళీ తేడా పది. మా ఇంట్లో మూడు తరాలుగా ప్రార్థన చేసే అలవాటు ఉంది. కానీ గెలిపించమని ప్రభువును అడగడానికి ఆ స్కోరుతో నాకు మొహం చెల్లలేదు. తొమ్మిదితో ఓడించు తండ్రీ, అంతకన్నా ఏమీ వద్దు అని అడిగాను. వాళ్ళ బ్యాటర్ కొట్టిన బంతి నేరుగా మా పిచ్చర్ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. ఆమె తొందరపడకుండా తీసి ఫస్ట్ బేస్‌కు విసిరింది. అవుట్.

ఏడో ఇన్నింగ్స్‌లో మా ముగ్గురూ మామూలుగా అవుటయ్యారు. అంపైర్ ఆట ముగిసిందని ప్రకటించాడు. ఆపేశానని కాదు, ముగిసిందని. మా పిల్లలు బెంచీ మీద నుంచి దూకి మైదానంలోకి పరుగెత్తి ఒకరి మీద ఒకరు పడ్డారు. రాజేశ్వరిని ఎత్తుకుని తిప్పారు. మలిక్ గారు కళ్ళు తుడుచుకున్నారు, ఎండ అన్నారు. అక్కడ ఎండ లేదు, మబ్బు పట్టి ఉంది. వాళ్ళ కెప్టెన్ దుబాసీని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చి, స్కోరు బోర్డు మీకు తిరగబడి కనిపిస్తోందా అని చాలా మర్యాదగా అడిగింది. మేము తొమ్మిదితో ఓడిపోయామని గర్వంగా చెప్పాను. ఆ పిల్లకు ఏమర్థమైందో గానీ వంగి నమస్కారం చేసింది.

ఆ సాయంత్రం కార్యదర్శి ఫోన్ చేశాడు. ఫలితం చెప్పాను. ఎన్నో ఇన్నింగ్స్‌లో ముగిసింది అని అడిగాడు. ఏడు అన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. వచ్చే ఏడాది నుంచి పంపడం కుదరదన్న మనిషి, ఆ ఫోన్‌లోనే శిబిరం ఎప్పుడు పెట్టాలో మాట్లాడటం మొదలుపెట్టాడు.

తిరిగొచ్చాక పులివెందుల మైదానానికి పోయాను. హుసేన్ మేస్త్రి గ్యాలరీ చివరి మెట్టు పరుస్తున్నాడు.

"గెలిస్తిరా మేడమ్మా?"

"లేదప్పా, ఓడిపోయినాం."

ఆయన తాపీ పక్కన పెట్టి బాధగా చూశాడు. "బండ మింద నేర్చుకోని పోయినారు కదా. యాడ తప్పొచ్చె?"

తప్పు లేదని, ఆ బండ వల్లే చివరిదాకా ఆడామని, రాజేశ్వరి ఏం చేసిందో మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, "మరి ఆ దేశమోళ్ళు గడప ముందర బండ ఎయ్యరా?" అన్నాడు. వెయ్యరన్నాను. "అదీ సంగతి," అని మళ్ళీ తాపీ అందుకున్నాడు.

ఆ తర్వాతి ఏడాది జట్టు వెళ్ళింది. అప్పటికి నేను రిటైరయ్యాను కాబట్టి వేరే మేనేజర్ వెళ్ళింది. వెళ్ళే ముందు మలిక్ గారు హర్యానా నుంచి ఫోన్ చేశారు. నా ఆరోగ్యం, ఎండలు, చీనీకాయలు అన్నీ అడిగి, చివరికి అసలు విషయానికి వచ్చారు. తమ అకాడమీ మైదానంలో కూడా ఒకటి వేయించుకోవాలట. ఐదు మూలలది, అంతే మందం. ముందు బండ మరిచిపోవద్దని రెండుసార్లు చెప్పారు. జమ్మలమడుగు నుంచి లారీలో వేయించాను. సిమెంటు ఎంత పోయాలో మేస్త్రి ఫోన్‌లో ఆయనకు తెలుగులోనే చెప్పాడు, ఆయన "శానా బాగుంది" అంటూ విన్నారు.

రాజేశ్వరి ఇప్పుడు సింహాద్రిపురంలో పీఈటీ. స్కూల్ అసిస్టెంట్ పదోన్నతి కోసం కాచుకుంటోంది. కిందటి నెల కొత్త జట్టును తీసుకుని బయటి జిల్లాకు పోతూ, మైదానం బాగాలేదని అక్కడివాళ్ళు చెబుతున్నారు, ఎవరికి ఫిర్యాదు చేయాలి మేడం అని నాకు ఫోన్ చేసింది. ఎవరికి చేయాలో చెప్పాను, పద్ధతి పద్ధతే. కానీ ముందు బంతి వదిలి చూశావా అని అడిగాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది అంతే, అదీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఏ నేల మీద నిలబడినా ముందు బంతిని వదిలి ఎంత ఎగురుతుందో చూసుకోవాలి. ఫిర్యాదు ఆ తర్వాత.